మా అబ్బాయికి 14 ఏళ్లు. ఆదివారంలోగా డబ్బు పంపకపోతే వీడియో అందరికీ పంపుతామంటున్నారు. ఏం చేయాలి?

పాల్వంచ అమ్మ
సోమవారం రాత్రి 11.50

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ ఎవరిని అడగాలో తెలియక రాస్తున్నాను. మాది పాల్వంచ. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. మా ఆయన లారీ డ్రైవర్, నాలుగైదు రోజులకోసారి ఇంటికి వస్తారు. పెద్దోడు తొమ్మిదో తరగతి. పాప ఆరో తరగతి.

రెండు వారాలుగా మావాడు సరిగ్గా తినడం లేదు. చేపల పులుసంటే ప్రాణం పెట్టేవాడు, మొన్న రెండు ముద్దలు తిని లేచిపోయాడు. రాత్రి దుప్పట్లో ఫోన్, బాత్రూంలోకి కూడా ఫోన్. పరీక్షల టెన్షన్ అనుకున్నాను. నిన్న లైనింగ్ బట్టలకు డబ్బు పంపబోతే ఖాతాలో తక్కువ ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూస్తే 500, 1000, మళ్లీ 1000, మూడు సార్లు ఎవరో తెలియని పేరుకు వెళ్లాయి. పిన్ నేనే చెప్పాను వాడికి, కరెంటు బిల్లు కట్టమని.

ఏదో గేమ్‌లో పెట్టాడనుకుని గట్టిగా అడిగాను. ఒక్కసారిగా ఏడ్చేశాడు. అలా ఏడవడం చిన్నప్పుడు చెయ్యి విరిగినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే.

మూడు వారాల కింద ఒక ఫొటోల యాప్‌లో ఒక అమ్మాయి పలకరించిందట. హైదరాబాద్‌లో పదో తరగతి అని చెప్పిందట. లెక్కల పుస్తకం, స్కూల్ బెల్టు ఫొటోలు కూడా పంపిందట. వీడు నమ్మాడు. తర్వాత ఇంకో యాప్‌కి రమ్మంది, వీడియో కాల్ చేసింది, తనే ముందు ఏదో చూపించి నువ్వూ అలా చెయ్యమంది. వీడు చేశాడు. ఐదు నిమిషాల్లోనే ఆ వీడియో రికార్డింగ్ వీడికే పంపి, దాని కింద వీడి ఫ్రెండ్స్ లిస్టు పెట్టారు. అందులో మా తమ్ముడు ఉన్నాడు, వాళ్ల క్లాస్ టీచర్ ఉన్నారు. డబ్బు పంపిన ప్రతిసారీ ఇదే చివరిసారి అన్నారట. ఇప్పుడు ఆదివారంలోగా 10,000 అంటున్నారు.

నాకు తెలియనివి ఇవి. డబ్బు కట్టేస్తే వదిలేస్తారా? ఆ చాటింగ్ అంతా తీసేసి సిమ్ మార్చేస్తే సరిపోతుందా? పోలీసుల దగ్గరికి వెళ్తే ఊళ్లో తెలిసిపోదా? అసలు మగపిల్లాడి విషయంలో కేసు పెడతారా?

మా ఆయన శనివారం వస్తారు. మనిషి మంచివారే, కానీ కోపం ఎక్కువ. ‘నాన్నకు చెప్తే నేను ఉండనమ్మా’ అన్నాడు వాడు. ఆ మాట నుంచి నాకు నిద్ర లేదు. ఇప్పుడు నా పక్కనే పడుకున్నాడు, పడుకున్నట్టు నటిస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

బయాలజీ టీచర్, కోనసీమ
మంగళవారం తెల్లవారుజామున 5.10

చెల్లీ, లేవగానే నీది చదివాను. ముందు వాడన్న ఆ చివరి మాట సంగతి. ‘ఉండను’ అన్న మాటను బెదిరింపుగా తీసుకోకు, తేలిగ్గానూ తీసుకోకు. ఈ నాలుగు రోజులూ వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. గది తలుపు గడియ పెట్టుకోనివ్వకు. 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది. రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. నువ్వు ముందు మాట్లాడి తర్వాత వాడికి ఇవ్వు. 1098 కూడా ఉంది, అది పిల్లల హెల్ప్‌లైన్.

డబ్బు ఇంకొక్క రూపాయి కూడా వద్దు. మూడు సార్లు కట్టారు కదా, అంకె పెరిగిందే తప్ప తగ్గలేదు. కట్టే ఇల్లు అని వాళ్లకు తెలిసిపోయింది, అందుకే పదివేలు. చాటింగ్ తీసేయొద్దు. ఎలా దాచాలో లాయర్లు ఎవరైనా సరిగ్గా చెబుతారు.

నేను ఇరవై రెండేళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠం చెబుతున్నాను. క్లాసులో పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె పెడతాను. పేరు రాయకుండా ఏ ప్రశ్నైనా చీటీ మీద రాసి వేయొచ్చు. నాలుగేళ్ల కింద అందులో ఒక చీటీ వచ్చింది. ‘ఒకసారి ఫొటో పంపితే, మళ్లీ అడిగినప్పుడల్లా పంపాల్సిందేనా టీచర్?’ అని. ఆ అక్షరాలు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. పెన్సిల్‌తో రాసి, ఒకసారి చెరిపి, మళ్లీ రాశారు. ఆ బిడ్డ ఎవరో నాకు తెలియదు. మర్నాడు క్లాసు మొత్తానికి చెప్పాను, పంపాల్సిన పని లేదు, వందసార్లు పంపి ఉన్నా నూటొకటోసారి ఆగొచ్చు, నా దగ్గరికి రావచ్చు అని. వారం తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. ఆ చీటీ తనదేనా అని నేను అడగలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తప్పు చేశామన్న భయం పిల్లల్ని ఆ దొంగ చేతిలోనే ఉంచుతుంది. అమ్మకు తెలిస్తే ఏమవుతుందో అని వాడు భయపడినంత కాలం ఆ దొంగ మాటే వేదం. నీ కొడుకు ఏడ్చి నీకు చెప్పాడు చూడు, సగం తాడు అక్కడే తెగింది. ఇవాళ పొద్దున వాడు లేవగానే నువ్వు అనాల్సింది ఒకటే. ‘నువ్వు నాకు చెప్పావు, మంచి పని చేశావు. ఇక ఇది నా పని.’ ఎందుకు చేశావు, బుద్ధి ఎక్కడికి పోయింది అని ఇప్పుడు అడగొద్దు. వాడు మోసపోయాడు. ఒక పెద్దవాడు, బహుశా పదిమంది ఉన్న ముఠా, అదే పనిగా కూర్చుని 14 ఏళ్ల పిల్లాణ్ణి మోసం చేశారు. అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా ఇలా డబ్బు కోసం బెదిరించేవాళ్లు ఎక్కువగా 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలనే పట్టుకుంటున్నారని హెచ్చరించింది. మీవాడిలో లోపం ఉండి కాదు, వాళ్లు వెతికే వయసు అది.

మీ ఆయనకు శనివారం దాకా ఆగి ఇంట్లో చెప్పొద్దు. పిల్లాడి ముందు అసలే వద్దు. లారీ ఆపుకుని భోంచేసే టైం చూసి ఫోన్లో చెప్పు. మొదటి మాటగా డబ్బు సంగతి, వీడియో సంగతి చెప్పకు. ‘మనవాణ్ణి ఒకడు బెదిరిస్తున్నాడు, వాడు చచ్చిపోతానంటున్నాడు’ అని మొదలుపెట్టు. కోపం రావాల్సింది ఎవరి మీదో ఆయనకు మొదటి మాటలోనే తెలియాలి. ఇల్లు చేరేలోపు కోపం తగ్గడానికి ఆయనకూ రెండు రోజులు దొరుకుతాయి.

నల్లకోటు, వరంగల్
మంగళవారం ఉదయం 8.25

అమ్మా, నేను న్యాయవాదిని. మీ ప్రశ్నలకు సూటిగా చెబుతాను.

మగపిల్లాడైనా కేసు పెడతారు. పోక్సో చట్టం 2012 నాటిది, దాంట్లో 18 ఏళ్లలోపు ఎవరైనా సరే ‘చైల్డ్’. ఆడ, మగ తేడా లేదు. పిల్లలతో ఇలాంటి వీడియో చేయించడం ఆ చట్టం కింద నేరం, శిక్ష కనీసం ఐదేళ్లు. ఐటీ చట్టంలో 67బి సెక్షన్ కూడా వర్తిస్తుంది. మీవాడు ఇందులో బాధితుడు.

పరువు గురించి. ఈ చట్టం కింద పిల్లల పేరు, ఊరు, స్కూలు, ఫొటో పత్రికల్లో, టీవీల్లో రాకూడదు. వాంగ్మూలం కోసం పిల్లాణ్ణి స్టేషన్‌కి పిలిపించాల్సిన పని లేదు. ఇంట్లోగానీ, వాడు కోరిన చోటగానీ తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. మీరు పక్కన కూర్చోవచ్చు. ఇది వాళ్లు మీకు చేసే సాయం కాదు, చట్టంలో రాసి ఉంది. స్టేషన్‌లో ఎవరైనా వేరేగా మాట్లాడితే 24వ సెక్షన్ అని గుర్తు చేయండి. మా పరిధి కాదు అంటే కూడా ఒప్పుకోవద్దు, జీరో ఎఫ్‌ఐఆర్ ఎక్కడైనా రాయాలి.

ఇవాళే చేయాల్సినవి. 1930కి ఫోన్ చేయండి, అది డబ్బు పోయిన సైబర్ నేరాలకు. ఆ మూడు చెల్లింపుల నంబర్లు, తేదీలు దగ్గర పెట్టుకోండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో మిగిలింది ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలు అన్న విభాగంలో ఫిర్యాదు పెట్టండి. పేరు చెప్పకుండా పెట్టే వీలు కూడా ఉంది, కానీ మీ కేసులో డబ్బు ఉంది, బెదిరింపు ఇంకా నడుస్తోంది, పేరుతోనే పెట్టండి.

సాక్ష్యం గురించి జాగ్రత్తగా చదవండి. ఆ అకౌంట్ పేరు, ప్రొఫైల్ లింకు, బెదిరింపు మెసేజ్‌లు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ, వీటికి స్క్రీన్‌షాట్లు తీయండి. పేరు మార్చేసినా లింకు ఉంటే పోలీసులకు పనికొస్తుంది. కానీ ఆ వీడియోని మాత్రం ఇంకో ఫోన్‌లోకి కాపీ చేయొద్దు, మీ తమ్ముడికో, నాకో, ఎవరికీ పంపొద్దు. తల్లి మంచికే పంపినా అది మరో కాపీ తయారవడమే. పిల్లల అలాంటి వీడియోలు తీసేయకుండా, ఫిర్యాదు చేయకుండా ఉంచుకోవడం కూడా నేరం కిందికి రావచ్చని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. వాడి ఫోన్ ఉన్నది ఉన్నట్టు పోలీసులకు చూపించండి, తర్వాత వాళ్లు చెప్పినట్టు తీసేయండి. స్క్రీన్‌షాట్లు అయ్యాక ఆ అకౌంట్‌ని రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. జవాబు ఒక్క మాట కూడా ఇవ్వొద్దు.

మీ జిల్లాలో భరోసా కేంద్రం (మహిళలు, పిల్లల కోసం పోలీసులు నడిపేది) ఉంటే అక్కడికి వెళ్లండి, స్టేషన్ కంటే పిల్లలకు సుఖంగా ఉంటుంది.

నాగలి
మంగళవారం ఉదయం 9.40

ఇన్ని మాటలు ఎందుకమ్మా. ఫోన్ తీసుకుని రాయి కింద పెట్టి పగలగొట్టండి. పదో తరగతి అయ్యేదాకా ఇంట్లో ఫోన్ ఉండకూడదు. మేం పెరగలేదా ఫోన్ లేకుండా? ఆస్ట్రేలియాలో 16 ఏళ్లు నిండితే గానీ ఈ యాప్‌లు వాడనివ్వడం లేదు, 2025 డిసెంబర్ నుంచి చట్టం తెచ్చారు. మనమెందుకు ఇవ్వాలి? మా ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక్కరికీ ఫోన్ లేదు. మీ మంచికే చెబుతున్నా.

బీటెక్ మూడో ఏడు
మంగళవారం మధ్యాహ్నం 1.15

నాగలి గారూ, మీరు పిల్లల మంచి కోరే చెబుతున్నారని తెలుసు. కానీ మా నాన్న సరిగ్గా అదే చేశారు. ఏమైందో చెబుతాను. ఇది ఎక్కడా రాయలేదు ఇంతవరకు.

నేను ఇంటర్ ఫస్ట్ ఇయర్. దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. ఒక గేమ్‌లో వాయిస్ చాట్‌లో పరిచయమైన అన్న ఒకడు, నెల రోజులు నాకు స్కిన్స్ (గేమ్‌లో మన బొమ్మకి వేసే డ్రెస్సులు) కొనిచ్చాడు. ఇంట్లో ఎవరూ అడగనివి అడిగేవాడు. తిన్నావా, ఫిజిక్స్ పరీక్ష ఎలా రాశావు అని. తర్వాత ఫొటోలు అడిగాడు. ఇచ్చాను. ఆ తర్వాత డబ్బు అడిగాడు. నాన్న ఒకరోజు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని ఆ మెసేజ్ చూశారు. పూర్తిగా చదవలేదు. గచ్చు మీద వేసి కొట్టారు, నన్నూ కొట్టారు.

ఫోన్ పోయింది కానీ ఫొటోలు వాడి దగ్గరే ఉన్నాయి కదా. వాడు నా ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టాడు, మీవాణ్ణి లైన్లోకి రమ్మను అని. అప్పటి నుంచి నాలుగు నెలలు ఫ్రెండ్ ఫోన్ నుంచి వాడికి డబ్బు పంపాను. సైకిల్ 2,500కి అమ్మి, పోయిందని చెప్పాను. ఇంట్లో వాళ్లకు మాత్రం ఏమీ తెలియదు, ఎందుకంటే ఫోన్ లేదు కాబట్టి సమస్య కూడా లేదనుకున్నారు. ఆ పగిలిన ఫోన్‌లోనే సాక్ష్యమంతా ఉంది.

చివరికి మా అమ్మమ్మకు చెప్పాను. ఎందుకంటే ఆమెకు ఫోన్ గురించి ఏమీ తెలియదు, అందుకని. ‘ఎవడో నా బట్టల్లేని ఫొటో పెట్టుకుని డబ్బులు అడుగుతున్నాడు’ అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ‘ఇయ్యకు. ఇవాళ నా మంచం మీద పడుకో’ అంది. పొద్దున మా పిన్నిని పిలిపించింది. పిన్నీ నేనూ వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు పంపడం ఆపాక వాడు రెండు వారాలు అరిచి మానేశాడు. నా తర్వాత ఇంకెవరినో పట్టుకుని ఉంటాడు, అది తలచుకుంటేనే బాధ.

అక్కా, మీ అబ్బాయితో ఎవరైనా మాట్లాడితే బావుంటుందనుకుంటే, ఈ మెసేజ్ చదివి వినిపించండి. తమ్ముడూ, నాకిప్పుడు 20. నాకు మంచి ఫ్రెండ్స్ ఉన్నారు, క్యాంపస్ సెలక్షన్లకు చదువుతున్నాను. ఆ నాలుగు నెలల్లో నేను ప్రతి రాత్రీ అనుకున్నది ఒక్కటే, ఇక అయిపోయింది అని. అవ్వలేదు.

డాలస్ నాన్న
మంగళవారం రాత్రి 9.05

చెల్లెమ్మా, ధైర్యంగా ఉండండి. నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను కాబట్టి టెక్నికల్ సంగతులు చెబుతాను.

మొదటిది, ‘టేక్ ఇట్ డౌన్’ అని ఒక సర్వీసు ఉంది. ఉచితం. నడిపేది ఇక్కడి ఎన్‌సీఎంఈసీ, తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే సంస్థ. 18 ఏళ్లలోపు తీసిన ఫొటో, వీడియోలకు వర్తిస్తుంది. ఇండియా నుంచి కూడా వాడొచ్చు. ఇది పనిచేసే పద్ధతి తెలుసుకుంటే మీకు భయం పోతుంది. మీవాడి ఫోన్‌లో ఉన్న ఆ వీడియోని అక్కడ ఎంచుకుంటే, అది ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. ఫోన్‌లోనే దానికి ఒక వేలిముద్ర లాంటి అంకెల వరుస తయారవుతుంది. ఆ వరుస మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన కంపెనీలు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటివి, అదే వేలిముద్ర ఉన్న వీడియో తమ దగ్గర కనిపిస్తే తీసేస్తాయి. పేరు కూడా చెప్పక్కర్లేదు. వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే కంపెనీ కూడా చూడలేని మెసేజ్‌లలో ఇది పని చేయదు, అది గుర్తుంచుకోండి. అయినా చేయండి. పోలీసులు చూశాక, ఫోన్‌లోంచి తీసేసే ముందు చేయాలి, ఎందుకంటే వేలిముద్ర తీయడానికి ఆ వీడియో ఉండాలి. (18 దాటినవాళ్లకు ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అని వేరే ఉంది, చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను.)

రెండోది, యాప్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు ‘స్పామ్’ అని కొట్టకండి. ఇందులో ఉన్నది 18 ఏళ్లలోపు పిల్లాడు అని తెలిసే ఆప్షన్ వెతికి కొట్టండి. పిల్లల మీద జరిగే ఇలాంటి నేరం తమ దృష్టికి వస్తే అమెరికా కంపెనీలు ఎన్‌సీఎంఈసీకి చెప్పి తీరాలి. అక్కడి నుంచి ఇండియా సమాచారం మీ దగ్గరి ఎన్‌సీఆర్‌బీకి, అంటే జాతీయ నేర రికార్డుల బ్యూరోకి వెళ్తుంది, 2019లో దీనికి ఒప్పందం జరిగింది. అంటే ఆ బటన్ గాలిలో కలిసిపోయేది కాదు.

మూడోది, మళ్లీ జరగకుండా. అబ్బాయి ఆ యాప్‌లో పుట్టిన సంవత్సరం ఏమని పెట్టాడో చూడండి. చాలామంది పిల్లలు పెద్దవాళ్లమని పెడతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో 2025 ఫిబ్రవరి నుంచి ఇండియాలో టీన్ అకౌంట్లు ఉన్నాయి. వాటిలో తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, 16 లోపు పిల్లలు ఆ సెట్టింగులు సడలించాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. కానీ వయసు అబద్ధం చెబితే ఈ కంచె దాటిపోవడం తేలిక. గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే కొత్త యాప్ ఏది వేసుకోవాలన్నా మీ ఫోన్‌కి అడుగుతుంది, రాత్రి ఫలానా టైంకి ఫోన్ లాక్ అవుతుంది. చాటింగ్ మాత్రం అది చూపించదు. వాట్సాప్‌లో గ్రూపుల్లో చేర్చడం, ప్రొఫైల్ ఫొటో ‘మై కాంటాక్ట్స్’కి మార్చండి, తెలియని నంబర్ల కాల్స్ సైలెంట్ చేయండి. యూపీఐ పిన్ ఇవాళే మార్చేయండి.

ఇవన్నీ పెట్టేది వాడి వెనక కాదు, వాడి పక్కన కూర్చుని పెట్టండి. దొంగచాటుగా నిఘా యాప్ వేసిన ఒక స్నేహితుడి ఇంట్లో పిల్ల రెండో ఫోన్ సంపాదించింది.

మీ పాప గురించి ఒక మాట. మా అమ్మాయికి 11. మా ఇంట్లో ఒకే ఒక్క రూల్ బాగా పనిచేసింది. ‘మీ అమ్మకు చెప్పకు’ అని ఆన్‌లైన్‌లో ఎవరన్నా సరే, ఆ మాట విన్న వెంటనే వచ్చి చెప్పాలి, నేను మీటింగ్‌లో ఉన్నా సరే. పోయిన వేసవిలో అలాగే వచ్చింది. గేమ్‌లో కాయిన్స్ ఇస్తాను, నీ గది ఫొటో పంపు, ఎవరికీ చెప్పకు అన్నాడట ఒకడు. నేను ఆ గేమ్ తీసేయలేదు. వాణ్ణి రిపోర్ట్ చేసి, ఇద్దరం కలిసి చాట్ ఆపేశాం. గేమ్ తీసేసి ఉంటే తర్వాతిసారి చెప్పేది కాదని నా నమ్మకం. ఇంట్లో అందరి ఫోన్లూ, నాది కూడా, రాత్రి పదింటికి వంటింట్లో చార్జింగ్‌లో ఉంటాయి.

నాగలి
మంగళవారం రాత్రి 10.30

బాబూ బీటెక్, నువ్వు రాసింది రెండు సార్లు చదివాను. పగలగొట్టమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. చిన్న వయసులో ఫోన్ వద్దన్న మాట మీద మాత్రం ఉన్నాను. ఇవాళ అన్నం తినేటప్పుడు మా పిల్లలను అడిగాను, స్నేహితుల ఫోన్లు చూస్తారా అని. ముగ్గురూ తల వంచుకున్నారు. నాకు తెలియదు ఇన్నాళ్లు.

పాల్వంచ అమ్మ
ఆదివారం రాత్రి 10.20

అందరికీ దండాలు. ఏం జరిగిందో చెప్పకపోతే పాపం అవుతుంది, అందుకే కుట్టు పని పక్కన పెట్టి రాస్తున్నాను.

మంగళవారం పొద్దున టీచర్ గారు చెప్పిన మాటే అన్నాను. ‘ఇక ఇది నా పని’ అని. వాడు ఏమీ అనలేదు, నా చీర కొంగు పట్టుకుని కూర్చున్నాడు, పద్నాలుగేళ్ల పిల్లాడు. 14416కి ఫోన్ చేశాం. ఇరవై నిమిషాలు మాట్లాడాడు, నేను బయట నుంచున్నాను. మధ్యాహ్నం 1930కి చేశాను. మొన్న పంపిన 1000 అవతల ఆగిందన్నారు, మిగతా 1500 దాటిపోయిందట. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో మా పక్కింటి డిగ్రీ అమ్మాయి పెట్టించింది, ఆ అమ్మాయికి వీడియో సంగతి చెప్పలేదు, బెదిరింపు అన్నాను అంతే.

మా ఆయనకు అదే సాయంత్రం చెప్పాను. సూర్యాపేట దగ్గర దాబాలో ఉన్నారు. ‘మనవాణ్ణి ఒకడు బెదిరిస్తున్నాడు’ అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. చాలాసేపు లారీల హారన్లే వినిపించాయి. కట్ చేశారేమో అనుకున్నాను. తర్వాత ‘వాడు తిన్నాడా?’ అన్నారు. అంతే. పదహారేళ్లుగా ఆయనతో ఉంటున్నాను, ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు.

బుధవారం ఎస్సై మేడం ఇంటికి వచ్చారు, చుడీదార్‌లో. చుట్టుపక్కల వాళ్లు బ్లౌజు కొలతకి వచ్చిందనుకున్నారు. వాడి పక్కనే నేను కూర్చున్నాను. ఫోన్ చూసి, రాసుకుని వెళ్లారు. డాలస్ అన్నగారు చెప్పిన ‘టేక్ ఇట్ డౌన్’ కూడా, బీటెక్ తమ్ముడి మెసేజ్ చదివాక, వాడే కూర్చుని చేశాడు.

గురువారం రాత్రి వాళ్లు అన్నంత పనీ చేశారు. మా తమ్ముడికి వీడియో వెళ్లింది. నేను వాడికి ముందే చెప్పి ఉంచాను, వస్తే తెరవొద్దు, ఎవరికీ పంపొద్దు, నంబర్ మాత్రం స్క్రీన్‌షాట్ తియ్యమని. అలాగే చేసి మర్నాడు ఎస్సై మేడానికి చూపించి, ఆమె ముందే తీసేశాడు. తర్వాత నా కొడుక్కి ఫోన్ చేశాడు. భయపడుతూ ఎత్తాడు వాడు. ‘అల్లుడూ, ఆదివారం కిన్నెరసాని చేపలు తెస్తున్నా, మీ అమ్మను మసాలా నూరి పెట్టమను’ అన్నాడు. దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఇవాళ వచ్చాడు, తెచ్చాడు. మావాడు నాలుగు ముక్కలు తిన్నాడు.

మా ఆయన శుక్రవారమే వచ్చేశారు. డబ్బు గురించి ఒక మాట అనబోయారు, నేను చెయ్యి పట్టుకుంటే ఆగారు. రాత్రి వాడి పక్కన పడుకున్నారు. ఇవాళ ఆదివారం గడిచిపోయింది. ఆ అకౌంట్ ఇప్పుడు కనిపించడం లేదు. ఇంకో పేరుతో వస్తారేమో అన్న భయం ఉంది. ఫోన్లు నాలుగూ కుట్టు మిషన్ బల్ల మీద చార్జింగ్‌లో పెడుతున్నాం, మా ఆయన డ్రైవింగ్‌లో లేనప్పుడు ఆయనది కూడా.

ఒక్కటే మిగిలింది. వాడు స్కూల్‌కి వెళ్లనంటున్నాడు. క్లాస్ టీచర్ పేరు ఆ లిస్టులో ఉంది కదా, సార్ చూసి ఉంటారని. ఏం చేయాలి?

బయాలజీ టీచర్, కోనసీమ
ఆదివారం రాత్రి 10.55

వాణ్ణి పంపే ముందు మీరిద్దరూ వెళ్లండి. నేరుగా హెడ్మాస్టర్‌ని కలవండి. ఏం పంపాడు, ఎలా పంపాడు అన్నది ఆయనకు అక్కర్లేదు. ‘మావాణ్ణి ఆన్‌లైన్‌లో బెదిరించారు, పోలీస్ ఫిర్యాదు ఇచ్చాం, ఎవరికైనా ఏదైనా వస్తే తెరవకుండా మాకు చెప్పండి, క్లాసులో దీని గురించి ఎవరూ మాట్లాడకూడదు’ అంటే చాలు. క్లాస్ టీచర్‌ని అక్కడికే పిలిపించమను. ఆయనకు ఏమీ రాలేదని ఆయన నోటితోనే వాడు వింటే సగం భారం దిగుతుంది. ఒకవేళ వచ్చి ఉన్నా, ఆయన ముఖం చూసి పలకరించడం వాడికి కావాలి. మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఉంటే చాలని చెప్పు.

పాల్వంచ అమ్మ
ఆదివారం రాత్రి 11.15

సరే టీచర్ గారూ. వాళ్ల నాన్న రేపటి లోడ్ వదులుకున్నారు. తొమ్మిదిన్నరకి ఇద్దరం వెళ్తున్నాం. వాడు గేటు దాకా వస్తానన్నాడు.